గుర్తుపట్టడం నుంచి గుర్తింపు దాకా: టెక్నాలజీలో మన ఆడవాళ్లను అవార్డులకు నామినేట్ చేయడం ఎలా

నేను రాసిన మొదటి నామినేషన్‌లో 'అంకితభావం' అనే మాట ఐదుసార్లు ఉంది. 'నిరంతర కృషి' మూడుసార్లు. ఎవరి గురించి రాశానో ఆ మేడమ్ అప్పటికి పద్దెనిమిదేళ్లుగా మా ఆఫీసులో బిల్లింగ్ సిస్టమ్ చూస్తున్నారు. నెలాఖరు రాత్రి అది మొరాయిస్తే ఫోన్ వెళ్లేది ఆవిడకే. అవార్డు రాలేదు. ఆ కమిటీలో కూర్చున్న ఒక పెద్దాయన తర్వాత ఎక్కడో కలిసి, చాయ్ తాగుతూ ఒక మాట అన్నారు: "మంచి మనిషని అర్థమైందమ్మా. ఏం చేశారో మాత్రం అర్థం కాలేదు."

తప్పు ఆవిడది కాదు, కమిటీది కూడా కాదు. రాసిన నాది. అప్పటి నుంచి హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల కోసం, వాళ్ల ద్వారా తెలిసినవాళ్ల కోసం చాలానే రాశాను. కొన్ని నెగ్గాయి, ఎక్కువ పోయాయి. పెద్ద దేశాల పెద్ద సంస్థల్లో ఇలాంటి దరఖాస్తులు తయారు చేయడానికే మనుషులుంటారు. మన దగ్గరైనా, కెన్యాలోని నైరోబీలోనైనా పని చేసిన ఆడవాళ్లకు కొరత లేదు. వాళ్ల గురించి కూర్చుని రాసేవాళ్లకే కొరత. మీరు ఆ రాసే మనిషి అవుదామనుకుంటే, నాకు తెలిసిన పద్ధతి ఇది.

1. ముందు మనిషిని గుర్తుపట్టండి

తెలుగులో ఒక చిక్కుంది. "సర్వర్లు మార్చేశారు" అంటాం. ఎవరు? ఒకరా, పదిమందా? ఆడా, మగా? ఆ 'శారు'లో ఏదీ తెలియదు. మర్యాద కోసం పెట్టుకున్న బహువచనంలో మనిషి మాయమైపోతుంది. ఇక "అయిపోయింది", "సెట్ అయింది" అన్నామంటే పని దానంతట అదే జరిగినట్టు.

అందుకే మొదటి పని: మీ సంస్థలో గత రెండు మూడేళ్లలో జరిగిన ముఖ్యమైన మార్పులు ఒక కాగితం మీద రాయండి. ప్రతి దాని పక్కన 'ఎవరు' అని ప్రశ్న వేసి, పేరు దొరికేదాకా అడగండి. మేనేజర్ పేరు దగ్గర ఆగిపోకండి. ఆ నిర్ణయం మొదట ఎవరికి తట్టింది, డిజైన్ ఎవరు గీశారు, రాత్రి రెండింటికి లాగ్‌లు (సిస్టమ్ రాసుకునే రికార్డులు) ఎవరు చదివారు అన్నదాకా వెళ్లండి. ఈ ఒక్క కసరత్తులో మీరు ఊహించని పేర్లు రెండు మూడు బయటపడతాయి. నాకు ప్రతిసారీ పడ్డాయి.

హోదాను బట్టి వెతక్కండి. పక్క టీమ్ వాళ్లు కూడా సందేహం వస్తే ఎవరి సీటు దగ్గరికి నడిచి వెళతారో చూడండి. కొత్తగా చేరిన పిల్లలు ఎవరి పేరు చెప్పి "ఆ మేడమ్ నేర్పారు" అంటున్నారో వినండి. నాయకురాలంటే నా లెక్కలో ఆవిడే. విజిటింగ్ కార్డు మీద ఏమున్నా సరే.

మాదాపూర్, గచ్చిబౌలి దాటి కూడా చూడాలి. మన నగరంలో టెక్నాలజీ 1998లో సైబర్ టవర్స్‌తో పుట్టలేదు. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడ 1967లోనే మొదలైంది. రక్షణ ప్రయోగశాలలు, ప్రభుత్వ శాఖల్లో కంప్యూటర్ విభాగాలు, పాలిటెక్నిక్ కాలేజీలు, అమీర్‌పేట కోచింగ్ గదులు, వీటన్నిటిలో ఇరవై ముప్పై ఏళ్లు పని చేసిన ఆడవాళ్లున్నారు. క్షిపణి శాస్త్రవేత్త టెస్సీ థామస్‌నే తీసుకోండి. 2011లో అగ్ని-4 క్షిపణి పరీక్ష విజయవంతమైనప్పుడు ప్రాజెక్టు డైరెక్టర్‌గా ఆవిడ పేరు దేశమంతా వినిపించింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోలో చేరింది మాత్రం 1988లో. ఆ మధ్య కాలమంతా జరిగిన పని హైదరాబాద్‌లోనే, మన పక్కనే జరిగింది. అలాంటి మధ్య కాలంలో ఉన్నవాళ్లు ఇప్పుడు మీ చుట్టూ ఎవరున్నారన్నదే ప్రశ్న.

2. ఆవిడతో కూర్చోండి, అడిగి మరీ

సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పకుండా నామినేట్ చేయకండి. నేనొకసారి చేశాను. చిన్నబుచ్చుకున్నారు, ఆ కోపంలో న్యాయం ఉంది. తన పని గురించి తనకు తెలియకుండా ఎవరో కథ రాస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది?

ఒప్పించడం తేలిక కాదు. మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: "నేనేం చేశానమ్మా, టీమ్ అంతా చేశారు." ఇది వినయం కావచ్చు, భయం కావచ్చు. పేరు బయటికొస్తే పక్కవాళ్లు ఏమనుకుంటారోనన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. వాదించకండి. ప్రశ్న మార్చండి. నాకు బాగా పనికొచ్చిన ప్రశ్నలు ఇవి:

మీరు ఆ వారం సెలవులో ఉంటే ఏం జరిగేది?

ఇది రాకముందు ఆ పని ఎలా జరిగేది, ఎంతసేపు పట్టేది?

అప్పుడు "ఇది కుదరదు" అని ఎవరైనా అన్నారా? మీరెందుకు ఒప్పుకోలేదు?

మీ తర్వాత ఆ పని ఎవరు నేర్చుకున్నారు? వాళ్లిప్పుడు ఎక్కడున్నారు?

మూడో ప్రశ్న దగ్గర అందరూ మారిపోతారు. అప్పటిదాకా "మేం, మేం" అన్నవాళ్లు ఉన్నట్టుండి "నేను" అంటారు. రెండోసారి రాయడానికి కూర్చున్నప్పుడు బిల్లింగ్ మేడమ్ అక్కడే కుర్చీ ముందుకు జరుపుకుని, ఒక పాత డేటాబేస్‌ను మార్చొద్దని తాను ఎందుకు పట్టుబట్టారో నలభై నిమిషాలు చెప్పారు. మొదటి నామినేషన్‌లో అందులో ఒక్క ముక్క లేదు. నేను అడగలేదు కాబట్టి.

"ఇంట్లో ఎలా మేనేజ్ చేస్తారండీ?" అని మాత్రం అడగొద్దు. మగ ఇంజనీర్‌ను ఎవరూ అడగరు. ఆవిడే చెబితే వినండి, రాయాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం.

ఒక్క కూర్చోవడంలో అయ్యే పని కాదు, కనీసం మూడుసార్లు పడుతుంది. అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఏది బయట చెప్పకూడదో మొదటి రోజే తేల్చుకోండి. రక్షణ సంస్థల్లో పనిచేసేవాళ్లకు కట్టుబాట్లుంటాయి. ప్రైవేటు కంపెనీల్లో క్లయింట్ పేరు చెప్పకూడదని సంతకం చేసి ఉంటారు. క్లయింట్ పేరు లేకుండా "ఒక పెద్ద బ్యాంకు" అని రాసినా దరఖాస్తు బలం తగ్గదు. ఆవిడ ఉద్యోగానికి చిక్కు తెచ్చే నామినేషన్ ఎందుకూ పనికిరాదు.

3. ఆధారాలు పోగు చేయండి

పనిలో సగం ఇక్కడే ఉంది. ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: ఏం చేశారు, దానికి ఆధారం ఏమిటి, ఎవరు చెప్పగలరు. మూడో గడి ఖాళీగా ఉన్న వరుసను దరఖాస్తులో పెట్టకండి.

ఆధారాలు మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి. పేటెంట్ ఉంటే పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఆవిష్కర్తల పేర్లు వెతకవచ్చు. కోడ్ ఎవరు రాశారో, మార్పులన్నీ నమోదు చేసే గిట్ చరిత్ర చెబుతుంది. పాత రిలీజ్ నోట్స్, సమస్య వచ్చినప్పుడు రాసిన రిపోర్టులు, ట్రైనింగ్ హాజరు పట్టీలు, కాన్ఫరెన్స్ కార్యక్రమ పత్రాలు, "థాంక్స్, మీ వల్లే గట్టెక్కాం" అని వచ్చిన మెయిళ్లు, అన్నీ ఆధారాలే. ఆఫీసు మెయిళ్లను బయటికి పంపే ముందు మాత్రం అనుమతి అడగండి.

ఫోటోలను చిన్నచూపు చూడకండి. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ను ప్రపంచానికి చూపించినప్పుడు దాని ప్రోగ్రామింగ్ చేసింది ఆరుగురు మహిళలు. యంత్రం పక్కన వాళ్లు నిలబడ్డ ఫోటోలు ఉన్నాయి. పేర్లు రాయలేదు. చాలా ఏళ్ల తర్వాత చూసినవాళ్లు యంత్రానికి అందం కోసం నిలబెట్టిన మోడళ్లనుకున్నారు. సాంకేతిక రంగంలోని మహిళల కోసం పనిచేసే విటి అనే సంస్థ ప్రముఖుల జాబితాలోకి ఆ ఆరుగురు చేరేసరికి 1997 వచ్చింది. మీ ఆఫీసు ఫోటో వెనక, లేదా ఫైల్ పేరులో, ఎవరెవరున్నారో ఈరోజే రాసి పెట్టండి.

మన ఇంటి ఉదాహరణ ఇంకొకటి చెప్పాలి. భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత తెలుగింటి ఆడపడుచు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చంకలో నెలల పాప. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి 1943లో పూర్తి చేశారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు. ఇంత చరిత్ర ఉన్నా, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల్లో మాట్లాడటానికి వెళ్లినప్పుడు నేను ఈ పేరు అడిగితే చేతులు లేచేది ఒకటో రెండో. సాధించడం ఒక ఎత్తు, అది నలుగురికీ తెలిసేలా రాసి ఉండటం మరో ఎత్తు.

అంకెల విషయంలో నిజాయితీ తప్పొద్దు. "సమయం 80 శాతం తగ్గింది" అని రాస్తే, దేనితో పోల్చితే అని కమిటీ అడుగుతుంది. పదకొండు గంటలు పట్టేది రెండు గంటలకు వచ్చిందని రాయండి. శాతాలు ఎవరైనా రాస్తారు, గంటలు ఆ గదిలో ఉన్నవాళ్లే రాయగలరు.

4. ఎక్కడికి పంపాలి

పద్మ పురస్కారాలు మనకు అందవనుకుంటాం. కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఎవరైనా ఎవరినైనా ప్రతిపాదించవచ్చు, తనను తాను కూడా ప్రతిపాదించుకోవచ్చు. ఆవిడ చేసిన సేవను 800 మాటలకు మించకుండా కథనంగా రాయాలి. గడువు తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి పోర్టల్‌లోనే చూసుకోండి. ఒక నిబంధన దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు: డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప మిగతా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థల వాళ్లు సర్వీసులో ఉండగా అర్హులు కారు. అంటే ప్రభుత్వరంగ సంస్థలో పనిచేసే ఇంజనీర్ విషయంలో రిటైరయ్యేదాకా ఆగాలి. నోట్‌బుక్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.

వృత్తి సంఘాల గుర్తింపు మెట్లుమెట్లుగా ఉంటుంది. ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈలో ఫెలో అనే పై హోదా కావాలంటే ముందు సీనియర్ మెంబర్ అయి ఉండాలి, ఐదేళ్ల సభ్యత్వం ఉండాలి, వేరొకరు నామినేట్ చేయాలి. ఏటా ఓటుహక్కున్న సభ్యుల్లో వెయ్యిమందికి ఒకరికి మించి ఇవ్వరు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లను ఈ ఏడాదే సీనియర్ మెంబర్‌షిప్‌కు దరఖాస్తు చేయించండి. హైదరాబాద్ సెక్షన్ చురుగ్గానే ఉంటుంది, సిఫార్సు చేసేవాళ్లు అక్కడ దొరుకుతారు. మన ఆడవాళ్లు ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. కారణం అర్హత లేకపోవడం కాదు, సభ్యత్వం రెన్యూ చేయకపోవడం.

అంతర్జాతీయ వేదికలు మనవి కావనుకోకండి. ఇంటర్నెట్ ఎదుగుదలకు పనిచేసినవాళ్లను గౌరవించే ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉరుగ్వేకు చెందిన ఇదా హోల్జ్ 2013లో చేరారు. కెన్యా నుంచి డోర్కాస్ ముతోని 2014లో. ముతోని ఇరవై నాలుగేళ్లకే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు, ఆఫ్రికాలో సాంకేతిక రంగంలోని మహిళలను కూడగట్టే సంఘాన్ని నిలబెట్టారు. ఇలాంటివాళ్ల పరిచయ వ్యాసాలు చదవండి. అక్కడ ఏం రాస్తారో, ఏం రాయరో తెలుస్తుంది.

అభివృద్ధి చెందుతున్న దేశాల మహిళల కోసమే ఉన్న అవార్డులు, ఫెలోషిప్‌లు కూడా ఉన్నాయి. ఇటలీలోని ట్రియెస్తే కేంద్రంగా పనిచేసే ఓడబ్ల్యూఎస్‌డీ అనే మహిళా శాస్త్రవేత్తల సంస్థ అలాంటివి ఇస్తుంది. దరఖాస్తు తెరిచేముందే అర్హత ఉన్న దేశాల జాబితా చూడండి. 'అభివృద్ధి చెందుతున్న' అనగానే మనం ఉంటామనుకుంటాం, కొన్ని జాబితాలు ఇంకా వెనకబడిన దేశాలకే పరిమితం. మూడు వారాలు కష్టపడి చివరి పేజీలో ఆ విషయం తెలిస్తే ఏడుపొస్తుంది. నాకొచ్చింది.

సొంత స్టార్టప్ నడిపేవాళ్లైతే దారి వేరు. తెలంగాణ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన వీ హబ్ మహిళా పారిశ్రామికవేత్తల కోసమే ఉంది. అక్కడ శాలువా కంటే మెంటర్లు, పెట్టుబడిదారుల పరిచయాలు ఎక్కువ విలువ చేస్తాయి.

ఇక జాగ్రత్త పడాల్సినవి. "మీరు ఈ ఏడాది వంద మంది మేటి మహిళా నాయకుల్లో ఎంపికయ్యారు" అని మెయిల్ వస్తుంది. మనం దరఖాస్తే పెట్టలేదు! కింద చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు, స్టార్ హోటల్లో టేబుల్ ఖర్చు, మేగజైన్‌లో పేజీ ధర. జ్యూరీలో ఎవరున్నారో ఉండదు, ఏ ప్రమాణాలతో ఎంచుకున్నారో ఉండదు. డబ్బు కట్టి తెచ్చుకున్న జ్ఞాపిక గోడ మీద బాగానే ఉంటుంది, రెజ్యూమేలో మాత్రం చూసినవాళ్లకు నవ్వొస్తుంది. దరఖాస్తు రుసుము అడిగే ప్రతిదీ మోసమని కాదు. గెలిచాక డబ్బు అడిగితే మాత్రం అది అవార్డు కాదు, అమ్మకం.

5. రాయడం

ముందు తెలుగులో రాయండి, దరఖాస్తు ఇంగ్లీషులో పంపాల్సినా సరే. తెలుగులో మీ పక్కింటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే, మీకే ఇంకా అర్థం కాలేదని లెక్క. ఇంగ్లీషులో మొదలుపెడితే తళుకు మాటలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి.

నా మొదటి దరఖాస్తు ఇలా మొదలైంది: "వీరు అంకితభావంతో, అకుంఠిత దీక్షతో సంస్థ అభివృద్ధికి విశేష సేవలందించారు." సన్మానపత్రం చదివినట్టు లేదూ? రెండోసారి ఇలా రాశాను: "నెలాఖరు బిల్లింగ్ పూర్తవడానికి పదకొండు గంటలు పట్టేది, మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి. కొత్త యంత్రాలు కొందామని అందరూ అన్నప్పుడు, లోపం యంత్రాల్లో కాదు, లెక్క నడిచే వరుసలో ఉందని ఆవిడ చూపించారు. ఆ వరుస మార్చాక రెండు గంటల్లో పూర్తవుతోంది, ఆగినా ఆగిన చోటు నుంచే మొదలవుతుంది." ఇందులో ఒక్క పొగడ్త లేదు. పొగడ్త చదివేవాళ్ల నోట రావాలి.

ప్రతి పేరాలో ఒకే పని చెప్పండి: ముందు ఎలా ఉంది, ఆవిడ ఏ నిర్ణయం తీసుకున్నారు, తర్వాత ఏం మారింది, ఎవరికి మేలు జరిగింది. రాయడం అయ్యాక విశేషణాలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేయండి. అలా కొట్టేశాక పేరాలో ఏమీ మిగలకపోతే ఆ పేరా మొత్తం తీసేయండి. 'మహిళ అయినప్పటికీ', 'ఇల్లు, ఉద్యోగం రెండింటినీ చక్కదిద్దుకుంటూ', 'సహనమూర్తి' లాంటివి కనిపిస్తే అవీ తీసేయండి. కమిటీ సహనానికి అవార్డు ఇవ్వట్లేదు.

6. సిఫార్సు లేఖలు

అమెరికాలో ఒక వైద్య కళాశాల అధ్యాపక పోస్టుల కోసం వచ్చిన 300కు పైగా సిఫార్సు లేఖలను ఇద్దరు పరిశోధకులు విశ్లేషించి 2003లో ప్రచురించారు. ఆడవాళ్ల కోసం రాసిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయి. కష్టపడే స్వభావం గురించి ఎక్కువ, పరిశోధన గురించి తక్కువ ఉన్నాయి, సందేహం పుట్టించే వాక్యాలూ ఎక్కువే. రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు.

అందుకని లేఖ అడిగేటప్పుడు "కొంచెం మంచిగా రాయండి సార్" అని వదిలేయకండి. మీ నోట్‌బుక్‌లోంచి ఆయన స్వయంగా చూసిన రెండు సంఘటనలు ఎంచి పంపండి, వాటి గురించే రాయమనండి. లేఖలు మూడైతే, రాసే ముగ్గురినీ ఒకే ఆఫీసు నుంచి తీసుకోవద్దు. ఒకరు పై అధికారి, ఒకరు బయటి నిపుణులు, ఒకరు ఆవిడ చేసిన పనిని రోజూ వాడేవాళ్లు. ఆ మూడో లేఖే నా అనుభవంలో ఎక్కువ పనిచేసింది. గడువుకు నెల ముందే అడగండి, వారానికోసారి మర్యాదగా గుర్తు చేయండి.

7. పంపడం, పంపాక

చివరి రాత్రి పోర్టల్ తెరుచుకోదు. రెండు రోజుల ముందే పంపండి. పేరు స్పెల్లింగ్ ఆధార్‌లో, పేటెంట్‌లో, సర్టిఫికెట్‌లో ఒకేలా ఉందో లేదో చూడండి. మన ఇంటిపేర్లు, పెళ్లి తర్వాత మారిన పేర్లు ఇక్కడ బాగా తిప్పలు పెడతాయి. తేడా ఉంటే ఒక వాక్యంలో వివరణ ఇవ్వండి. పంపే ముందు ఆవిడకు చివరి ప్రతి చూపించండి. ఆవిడ 'నేను' అన్నచోటల్లా మళ్లీ 'టీమ్' అని దిద్ది ఇస్తారు. టీమ్‌కు ఒక పేరా విడిగా ఇచ్చి, మిగతావి యథాతథంగా ఉంచమని బతిమాలండి.

రాకపోతే? చాలాసార్లు రాదు. ఆ ఫైలు పారేయకండి. 2018లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చిన డోనా స్ట్రిక్‌లాండ్ గురించి అదే ఏడాది, ఆ బహుమతికి కొన్ని నెలల ముందు ఎవరో ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసం పెట్టబోతే, తగిన ఆధారాలు లేవని తిప్పికొట్టారు. ఆవిడ లేజర్ పని 1980ల నాటిది. ఆవిడ మీద స్వతంత్రంగా ఎవరూ పెద్దగా రాయకపోవడమే సమస్య. కాబట్టి ఒక స్థానిక పత్రికకు ఇంటర్వ్యూ ఇప్పించండి, చదివిన కాలేజీకి ప్రసంగానికి పిలిపించండి. మార్చి 8న గులాబీ పువ్వు ఇచ్చే సభకు కాదు, మామూలు సాంకేతిక సదస్సుకు. రేపటి దరఖాస్తుకు అవన్నీ ఆధారాలే. అన్నిటికంటే ముందు అదే ఫైలును ప్రమోషన్ కమిటీ ముందు పెట్టండి. చప్పట్లు కొట్టి జీతం పెంచని ఆఫీసులు మన దగ్గర తక్కువేం కాదు.

బిల్లింగ్ మేడమ్‌కు రెండోసారి కూడా అవార్డు రాలేదు. కానీ ఆ తొమ్మిది పేజీలు ఆ ఏడాది అప్రైజల్ ఫైల్లోకి వెళ్లాయి, పదేళ్లుగా ఆగిన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ హోదా ఆవిడకు వచ్చింది. ఇప్పుడు తన టీమ్‌లోని ఇద్దరమ్మాయిల కోసం ఆవిడే నోట్‌బుక్ పెట్టారు. మొన్న చూపించారు. నేను మూడు గళ్లే గీయమన్నాను కదా, ఆవిడ నాలుగోది కలిపారు: తేదీ. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, నాకు తట్టలేదు.